ఈ ఏటి తాళం నాది

డిసెంబర్ 25, గురువారం

నేను ముట్టుకోలేదు. ముందు ఆ మాట రాసి పెట్టుకుంటున్నాను. మిగతావి తర్వాత.

బావకు తుంటి ఎముక విరిగింది. ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. తెలివిలోనే ఉన్నాడు, మందుల మత్తులో ఒకటీ అరా మాట్లాడుతున్నాడు. పోస్ట్‌మాన్‌కు తెలివి లేదు. ఆయన పై అంతస్తులో ఉన్నాడు, నేను అక్కడికి వెళ్ళలేదు. ఆ ఆసుపత్రి లిఫ్టు చూసేది మేమే. పోయిన నెల దాని తలుపుల రోలర్లు మార్చింది నేనే. అయినా రెండు రోజులుగా మెట్ల మీదే తిరుగుతున్నాను.

నిన్న సెలవులకు ముందు ఆఖరి పనిరోజు. ప్రతి ఏడూ లాగే షాపులో మధ్యాహ్నం విందు. మాది లిఫ్టుల రిపేరు షాపు, బావతో కలిపి పద్నాలుగు మందిమి. మా పనిలో ఒక నియమం ఉంది. లిఫ్టు గోతిలోకి దిగేవాడు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన సొంత తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుని దిగాలి. పైన యజమాని వచ్చి గొంతు చించుకున్నా సరే, ఆ తాళం ఇంకొకడు తియ్యకూడదు. వేసినవాడే తియ్యాలి. ఎనిమిదేళ్ళ కిందట విందు నుంచి వెళ్తూ ఒకడు బండితో సహా గోడకు గుద్దుకున్నాక, ఫోర్‌మన్ ఈ నియమాన్నే విందుకు కూడా పెట్టాడు. పాత ప్రథమ చికిత్స డబ్బా ఒకటుంది, రేకుది. సీసా మూత తియ్యకముందే అందరి బండి తాళంచెవులూ అందులో పడాలి. ఒకడు దానికి తన తాళం వేస్తాడు. వాడు ఆ రోజు మందు ముట్టుకోడు. తాగినవాళ్ళు బస్సులో ఇళ్ళకు పోయి, మర్నాడు వచ్చి బళ్ళు తీసుకుంటారు.

ఈ ఏటి తాళం నాది. పోయినేడూ నాదే, అంతకు ముందేడూ నాదే. చీటీలు వెయ్యాలని పేరుకు ఉంది గాని ఎవడూ వెయ్యడు. "వాడున్నాడుగా, నమ్మకస్తుడు" అంటారు. నమ్మకస్తుడంటే అందరూ తాగుతుంటే సోడా తాగుతూ కూర్చునేవాడు అని అర్థం.

మూడున్నరకు బావ బండి మీద బయటికి వెళ్ళాడు. పావు తక్కువ నాలుగుకు, రెండు వీధుల అవతల మలుపు దగ్గర, ఖాళీ సంచితో సైకిల్ మీద వస్తున్న పోస్ట్‌మాన్‌ను గుద్దాడు. పట్టపగలు. ఎండ కూడా బాగానే ఉంది.

పోలీసు వచ్చి బండి తాళంచెవి ఎలా వచ్చిందని అడిగాడు. డబ్బాకు తాళం వేసే ఉంది, అందరూ చూశారు. "ఇంట్లో రెండోది ఉందండీ, అది జేబులో వేసుకొచ్చి ఉంటాడు" అన్నాను. ఇవాళ పొద్దున అందరి ముందూ డబ్బా తెరిచాను. బావ తాళంచెవి అందులోనే ఉంది. ఫోర్‌మన్ చూసి తల పంకించాడు.

డిసెంబర్ 26

పోస్ట్‌మాన్ కళ్ళు తెరవలేదు.

డిసెంబర్ 27, శనివారం

బావ దగ్గర వాంగ్మూలం తీసుకోవడానికి పోలీసు వచ్చాడు. అక్క మంచం పక్కన ఉంది, నేను కిటికీ దగ్గర ఉన్నాను.

"రెండో తాళంచెవి వాడావా?" అని అడిగాడు.

బావ నా వైపు చూశాడు. ఎక్కువసేపేం కాదు. పదహారేళ్ళ కిందట నన్ను మొదటిసారి గోతిలోకి దింపినప్పుడు కూడా అలాగే చూశాడు, వీడు తట్టుకుంటాడా లేదా అని. నన్ను పనిలో పెట్టింది ఆయనే, తిట్టి తిట్టి పని నేర్పింది ఆయనే, తన ఇంటి మేడ మీద గది ఇచ్చిందీ ఆయనే.

"అవునండీ" అన్నాడు. "పొద్దున్నే జేబులో వేసుకెళ్ళాను."

అక్క లేచి బయటికి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాను. వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవడం లేదు.

"నేను నమ్మలేదురా" అంది. "మొన్న నువ్వు చెప్పినప్పుడు కూడా నమ్మలేదు. ఇంటికెళ్ళి డ్రాయర్ చూశాను. దారాల డబ్బా వెనక ఉండాలి రెండోది. లేదు."

"వేరే దేనికైనా తీసుంటాడేమోలే అక్కా."

"దేనికి? తాగి ఒళ్ళు తెలీక బండెక్కితే అది వేరు. తిడతాను, కొడతాను, మళ్ళీ కాపురం చేస్తాను. ఇది అలాంటిది కాదు. పొద్దున్నే నా చేతి కాఫీ తాగుతూ, అందర్నీ మోసం చెయ్యాలని అనుకుని, డ్రాయర్ తీసి జేబులో వేసుకెళ్ళాడు. ఆ మనిషెవరో నాకు తెలీదు."

ఆసుపత్రి నుంచి అటే వెళ్ళిపోయింది. లోపల పెట్టిన సంచి కూడా తీసుకోలేదు. నేను తీసుకొచ్చాను.

డిసెంబర్ 29

ఇవాళ పొద్దున పోస్ట్‌మాన్ పోయాడు.

విందు రోజు ఆయన పన్నెండింటికి షాపుకొచ్చాడు. ఉత్తరాలు ఇచ్చి, డబ్బా వంక చూసి నవ్వాడు. "మా ఆవిడకు చెప్తుంటానండీ మీ డబ్బా సంగతి. ఊళ్ళో అందరూ ఇలా చేస్తే మాలాంటి సైకిల్‌వాళ్ళం హాయిగా బతుకుతాం" అన్నాడు. ఒకడు గ్లాసు అందిస్తే వద్దన్నాడు. ఇంకా సగం వీధులు మిగిలున్నాయట. కేకు ముక్క కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

నేను ముట్టుకోలేదు అని రాశాను. ఒక గుక్క తాగాను. గుక్కెడును తాగడం అనరు.

జనవరి 2, శుక్రవారం

షాపు తెరిచారు. విందు నాటి కాగితపు తోరణాలు ఇంకా వేలాడుతున్నాయి, తీసే మనసు ఎవరికీ రావడం లేదు. చివరికి నేనే నిచ్చెన వేసి తీశాను. ఊరికే ఉండలేక.

బావ లాకరు మీద 'పెద్దాయన' అని రాసి ఉండేది. ఎవరో మేకుతో గీకేశారు. పోయిన నెలదాకా చెయ్యి తడబడితే ఆయన దగ్గరికే పరిగెత్తినవాళ్ళు ఇవాళ ఒక్కొక్కడూ ఒక్కో పాత తప్పు తవ్వి తీస్తున్నారు. పడ్డవాడి మీద అందరూ రాళ్ళేసేవాళ్ళే. నేను నోరు మూసుకుని కేబుల్‌కు గ్రీజు రాస్తూ కూర్చున్నాను.

ఫోర్‌మన్ అందర్నీ పిలిచాడు. "నియమం తప్పు కాదు. తాళం తప్పు కాదు. తాళం వేసినవాడి తప్పు అంతకన్నా కాదు. సొంత బావ అయినా వీడు డబ్బా తెరవలేదు, చూడండి. మనిషంటే ఇలా ఉండాలి" అని నా భుజం మీద చెయ్యేశాడు.

చప్పట్లు కొట్టలేదు గాని కొట్టినంత పని చేశారు. ఆ చెయ్యి ఎప్పుడు తీస్తాడా అని చూశాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ మాట ఎందుకు గుర్తొచ్చిందో.

జనవరి 5

బావ దగ్గరికి వెళ్ళాను. గది బయట కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాస్త నడవగలిగాక అటునుంచి అటే జైలుకు తీసుకెళ్తారట. రక్తంలో ఎంత మందు ఉందో కాగితం మీద వచ్చింది. చచ్చిపోయిన మనిషి ఉన్నాడు. దాన్ని ఎవరూ మార్చలేరు.

కానిస్టేబుల్ టీకి వెళ్ళాక అడిగాను. "ఎందుకలా చెప్పావు బావా?"

"నడిపింది నేను కాదేంట్రా? హ్యాండిల్ నా చేతిలో ఉంది. తిరిగొస్తూ మలుపు వెడల్పుగా తిప్పింది నేను. ఆయన బెల్లు కొట్టాడు కూడా, విన్నాను." కాసేపు పైకప్పు చూశాడు. "నువ్వు అప్పటికే రెండోది అని చెప్పేశావు. కాదంటే ఇద్దరం మునగాలి. దేనికి?"

పక్కకు జారిన దుప్పటి తీసి ఆయన కాళ్ళ మీద కప్పాను.

"మీ అక్క రావట్లేదు" అన్నాడు. "తొమ్మిది రోజులైంది. కోపం అనుకున్నాను. కోపమైతే వచ్చి తిడుతుంది కదరా. ఆవిడకు మాత్రం నిజం చెప్పు. ఇంకెవరికీ చెప్పక్కర్లేదు. ఆవిడొక్కతికి చెప్పు. ఒక్కసారి వచ్చి నాలుగు తిట్టి పొమ్మను."

చెప్తానన్నాను. చేతిలో చెయ్యేసి చెప్పాను, విరగని చేతిలో.

డ్రాయర్ సంగతి ఆయనకు తెలీదు. అక్క ఎందుకు రావడం లేదో ఆయనకు తెలీదు.

జనవరి 6

చెప్పలేదు.

జనవరి 7

చెప్పలేదు. అక్కకు తలనొప్పిగా ఉంది.

జనవరి 9

చెప్పలేదు. భోజనం పెడుతూ అక్క "నువ్వొక్కడివే నిజాయితీగా మిగిలావురా ఈ ఇంట్లో" అంది. ఇంకొంచెం వడ్డించింది. తిన్నాను.

జనవరి 12, సోమవారం

పోస్ట్‌మాన్ భార్య షాపుకొచ్చింది.

ఒక్కతే వచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఆ డబ్బా చూడొచ్చాండీ?" అని అడిగింది. ఎవడి పని వాడికి హఠాత్తుగా గుర్తొచ్చింది, అందరూ గోడల వైపు తిరిగారు. ఫోర్‌మన్ నన్ను ముందుకు తోశాడు. "వీడేనమ్మా తాళం వేసింది. వీడు చెప్తాడు."

అలమార మీంచి డబ్బా దింపి బల్ల మీద పెట్టాను. ఆవిడ మూత తెరిచి, మూసి, కొక్కెం పట్టుకుని లాగి చూసింది.

"ఆయన ప్రతి ఏడూ చెప్పేవారండీ దీని గురించి. ఆ చుట్టుపక్కల వీధుల్లో భయం లేదనేవారు. సెలవులప్పుడు మిగతా వీధుల్లో పక్కకు దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళేవారు. మీ షాపు చుట్టుపక్కల మాత్రం ఎక్కి తొక్కేవారు." డబ్బా మీద చెయ్యి తియ్యలేదు. "ఇందులోంచి ఎలా బయటికొచ్చిందండీ?"

"ఇందులోంచి రాలేదమ్మా. ఇంట్లో రెండోది ఉంటే..."

"ఓహో" అంది. "అయితే మీ తప్పేం లేదు. మీరు వెయ్యాల్సిన తాళం మీరు వేశారు."

వెళ్తూ నాకు నమస్కారం పెట్టింది. నాకు.

జనవరి 13

ఇంక చాలు. దాపరికం ఎవరి దగ్గర? ఈ పుస్తకం చదివేది నేనొక్కణ్ణే, నాకు నేనే అబద్ధాలు రాసుకుంటున్నాను.

గుక్కెడు కాదు. మూడు గ్లాసులు. సామాన్ల గదిలో, నూనె డబ్బాల వెనక, టీ కప్పులో పోసుకుని తాగాను. వరసగా మూడో ఏడు నన్నే కూర్చోబెట్టారని ఒళ్ళు మండింది. వాళ్ళంతా పాటలు పాడుతుంటే నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కాపలా కుక్కలా కూర్చోవాలా అనుకున్నాను. రెండో కప్పు అయ్యేసరికి బావ లోపలికొచ్చి చూశాడు. నవ్వాడు. "మా బామ్మర్ది కూడా మనిషేనన్నమాట" అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. తన గ్లాసు తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు.

మూడో కప్పు దగ్గర చిన్న పనొకటి పడింది. నేనే డబ్బా తెరిచాను. నేనే బావ బండి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను. "వద్దులేరా, నడిచెళ్తాను" అన్నాడు ఆయన. ఆ మాట అన్నాడు. "నడిచెళ్తే ఎప్పుడొస్తావు, బండి మీద పో, రెండు వీధులేగా" అన్నది నేను. తాళం వేసినవాడే తియ్యాలి కదా, నియమం ప్రకారమే తీశాను. మళ్ళీ వేశాను కూడా.

ఫోన్ వచ్చింది. అందరూ మలుపు వైపు పరిగెత్తారు. నేను ఇంటి వైపు పరిగెత్తాను. అక్కకు చెప్పడానికి అనుకున్నారు. అక్కకు చెప్పాను, ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే డ్రాయర్ తీసి, దారాల డబ్బా వెనక ఉన్న రెండో తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఆసుపత్రికి ముందు షాపుకు పోయి దాన్ని డబ్బాలో పెట్టాను. మందు దిగిపోయింది అప్పటికి. ఆ పని పూర్తి తెలివితో చేశాను. వాంగ్మూలం అంటే అది రాసుకోవాలి ముందు.

అక్క ఒక మనిషిని అసహ్యించుకుంటోంది, పొద్దున్నే డ్రాయర్ తీసి అందర్నీ మోసం చేసిన మనిషిని. ఆ మనిషి ఉన్నాడు. సాయంత్రం తీశాడు, అంతే తేడా.

తాగి నడపకూడదని డబ్బా పెట్టాం. డబ్బాకు తాళం పెట్టాం. తాళానికి మనిషిని పెట్టాం. డబ్బా ఉందిలే అని అందరం ఇంకో గ్లాసు ఎక్కువే తాగాం.

జనవరి 17, శనివారం

బావను సోమవారం జైలుకు మారుస్తారని కానిస్టేబుల్ చెప్పాడు. అక్కకు చెప్పాను.

పొయ్యి తుడుస్తోంది. వెనక నిలబడి అంతా చెప్పాను, డబ్బా, కప్పులు, డ్రాయర్. మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక వీపుకు చెప్పాను. మధ్యలో ఎక్కడో ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"డ్రాయర్ కూడా నువ్వేనా?"

"నేనే అక్కా."

"నేను చెప్పులు వేసుకుంటుంటే?"

"ఆఁ."

ఇటు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఇరవై ఒక్క రోజులు" అంది. "ఆయన అక్కడ నా కోసం గుమ్మం వంక చూస్తూ పడుకున్నాడు. నేను ఇక్కడ నీకు వడ్డించాను. అడిగి అడిగి వడ్డించాను. నువ్వు తిన్నావు."

"అక్కా, నేను రేపే..."

"నాకు చెప్పకు. నీ మాటలు నాకొద్దు. ఆ పోస్ట్‌మాన్ గారి భార్యకు చెప్పావా?"

"లేదు."

"ఆవిడకు చెప్పు. తర్వాత స్టేషన్లో చెప్పు. బావ బయటికొస్తాడని కాదు, రాడు, రాకూడదు కూడా. తాగి నడిపాడు, ఒక మనిషి పోయాడు. కానీ చెయ్యని పాపం నేను ఆయన నెత్తిన పెట్టాను, నీ వల్ల. పో."

చేతులు కడుక్కుని, చీర కూడా మార్చుకోకుండా ఆసుపత్రికి వెళ్ళిపోయింది. పొయ్యి సగం తుడిచి ఉంది. మిగతా సగం నేను తుడిచాను.

జనవరి 18, ఆదివారం

రేపు పదింటికి స్టేషన్‌కు రమ్మన్నారు. ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన "నా నోటితో నిన్ను పొగిడించావు కదరా" అని పెట్టేశాడు.

పదకొండింటికి పోస్ట్‌మాన్ ఇంటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ఆవిడ నేల మీద కూర్చుని ఆయన యూనిఫాం చొక్కాలు మడత పెడుతోంది. ఆఫీసువాళ్ళు వెనక్కి అడిగారట. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు.

"ఆ రోజు మీకు చెప్పింది అబద్ధమండీ. రెండో తాళంచెవి కాదు. డబ్బా తెరిచి ఇచ్చింది నేనే."

చొక్కా చెయ్యి మడతపెట్టి ఛాతీ మీద వేసింది. రెండో చెయ్యి కూడా వేసింది.

"మీ బావగారు అడిగారా?"

"లేదండీ. నడిచెళ్తానన్నాడు. నేనే బండి మీద పంపాను."

"తాగున్నారని తెలీదా మీకు?"

"తెలుసండీ. నేనూ తాగున్నాను."

ఆవిడ నా మొహంలోకి చూసింది. అందులో కోపం లేదు, నాకోసం ఏదో దారి వెతుకుతున్నట్టు చూసింది. "అంత అర్జంటు పనేం వచ్చిందండీ? ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

అవునని అంటే సరిపోయేది. నమ్మేది కూడా. నమ్మడానికి సిద్ధంగా ఉంది.

"లేదండీ" అన్నాను. "ఐసు అయిపోయింది."

"ఐసా?"

"ఐసేనండీ. నా కప్పులోకి."

ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉంది. వీధిలో ఎవరిదో బండి వెళ్ళింది.

"దొరికిందా మరి?" అని అడిగింది.

"దొరికిందండీ" అన్నాను.

తల ఊపి, ఇంకో చొక్కా తీసుకుంది.